గాజు నేల

సముద్రం ముంచేసిన ఊళ్ల మీద తేలే ఇళ్లు కట్టడం మామూలైపోయిన రోజులవి. వాటికి గాజు నేల వేయాలన్నది ఇంజనీరు శర్వాణి ఆలోచన. జనానికి నీళ్లంటే భయం పోవాలని, కాళ్ల కింద ఈదే చేపలను చూసి మురిసిపోవాలని ఆమె కోరిక. నగరాల్లో ఆ ఇళ్ల కోసం ఎగబడ్డారు. ఊరు పోగొట్టుకున్న జాలర్లకు కూడా అవే ఇచ్చారు.

ఆ జాలర్లలో నూకాలు అనే ఆమె నేలంతా చాపలు పరిచిందని, వాటి కింద వేడి బయటికి పోక గాజు బీటలు వారుతోందని తెలిసి శర్వాణి స్వయంగా వచ్చింది.

"చాపలు తీసెయ్యాలమ్మా. లేకపోతే గాజు పగిలి ఇల్లు మునుగుతుంది" అంది.

నూకాలు ఒక చాప మడిచింది. వానాకాలపు బురద దిగిపోయి ఆ వారమే నీళ్లు తేటపడ్డాయి. అడుగున పాచిపట్టిన పెంకుటిల్లు, దాని అరుగు స్పష్టంగా కనిపించాయి.

"అది మా ఇల్లేనండి. ఉప్పెనొచ్చినపుడు మా ఆయన లోపలే ఉండిపోయేడు. వంట సేత్తన్నా, అన్నం తింటన్నా అదే కనపడతాది. ఈ గాజు తీసేసి సిమెంటెయ్యండి."

"ఆ బరువుకు ఇల్లు తేలదమ్మా."

"పోనీ, ఇల్లు అవతలకి జరపండి."

శర్వాణి కిటికీలోంచి చూసింది. తుఫానుకు కొట్టుకుపోకుండా అక్కడి వంద ఇళ్లనూ గొలుసులతో ఒకదానికొకటి కట్టించింది తనే.

"కుదరదమ్మా" అంది.

నూకాలు మడిచిన చాపను గోడకు ఆనించింది. తర్వాత, "ఎన్నాళ్లుంటాదండి ఈ ఇల్లు?" అని అడిగింది.

ఎవరడిగినా శర్వాణి గర్వంగా జవాబు చెప్పే ప్రశ్న అది. ఇప్పుడు ఆమె తల దించుకుంది. కిందికి చూడలేక మళ్లీ ఎత్తింది.

"నూరేళ్లు" అంది.