గుణదల దారిలో జీపు

మీకు పిల్లలెంతమందండి? అదిగో, చెప్పేముందు అటూ ఇటూ చూస్తున్నారు. భయపడకండి, నేనెవరికీ చెప్పను. డెబ్భై ఆరులో, ఎమర్జెన్సీ రోజుల్లో, ఇదే ప్రశ్న అడిగితే మా బావ అటూ ఇటూ చూసేవాడు కాదు. ఠక్కున "ఇద్దరు" అనేవాడు. ఇంట్లో నలుగురుండేవాళ్ళు.

బావ దేవానందం తిరువూరు పక్క ఊళ్ళో మాస్టారు. ముగ్గురు పిల్లలు దాటిన ఉద్యోగస్థుడు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ సర్టిఫికెట్టు చూపించాలి, లేకపోతే జీతం ఆపేస్తామన్నారు. రోడ్ల మీద బళ్ళాపి పిల్లల్ని లెక్కపెడుతున్నారని కూడా పుకారు. బావకి కత్తంటే భయం. ఫారంలో ఇద్దరని రాసి సంతకం పెట్టేశాడు. అది అబద్ధమని తేలితే ఇక జీతం మాట కాదు, ఉద్యోగమే పోతుంది.

అలాంటివాడు నలుగురినీ వేసుకుని గుణదల కొండకి బయలుదేరాడు. తప్పలేదు. చిన్నవాడు జోజప్ప పుట్టినప్పుడు బతకడన్నారు. బతికితే కొండ మీద మరియమాత దగ్గర పుట్టువెంట్రుకలు తీయిస్తానని మా అక్క మేరమ్మ మొక్కుకుంది. వాడికి రెండేళ్ళొచ్చాయి. జుట్టు కళ్ళలో పడుతోంది.

చాంద్‌బాషా అంబాసిడర్ మాట్లాడాం. ముందు సీట్లో నేను, నా ఒళ్ళో ఐదేళ్ళ రాయప్ప. వెనక అక్కా, బావా, ఇద్దరాడపిల్లలు, జోజప్ప.

ఊరు దాటకముందే "బావా, జీపు" అన్నాను. బావ జోజప్పని సీటు కిందకి తోసి తువ్వాలు కప్పాడు. తీరా చూస్తే వెనక ఎడ్లబండి. మైలవరంలో మళ్ళీ అన్నాను. ఈసారి బావే కిందకి దూరాడు. పిల్లలు పడీపడీ నవ్వారు.

"నీ సరదా తగలెయ్య. ఆయన గుండె ఆగితే నువ్వొచ్చి పాఠాలు చెప్తావా?" అంది అక్క.

"నేను చదివిందే ఐదు, అక్కా. నాలుగు దాకా చెప్తాలే."

మైలవరం దాటాక రోడ్డు కొండల మధ్యకి వచ్చింది. ఈసారి నేను నోరెత్తలేదు. చాంద్‌బాషా అన్నాడు.

"మాస్టారూ, వెనక జీపు."

"నువ్వు కూడా తయారయ్యావా?" అన్నాడు బావ, కళ్ళు మూసుకునే.

"లేద్సార్. గవర్నమెంటుది. చాలాసేపట్నుంచి వస్తోంది."

వెనక్కి తిరిగాం. నిజంగానే జీపు. వెనక భాగమంతా టార్పాలిన్ బిగించి కట్టి ఉంది. జీపుకి మామూలుగా ఉండే డ్రైవరు లేడు. బండి తోలుతున్న మనిషిని చూడగానే బావ ముఖం పాలిపోయింది.

"ఆ ఆఫీసరే. నా ఫారం ఆయన చేతికే ఇచ్చాను."

"ఆదివారం పూట, డ్రైవరు కూడా లేకుండా," అన్నాడు చాంద్‌బాషా. "ఆ టార్పాలిన్ కింద ఇప్పటికే ఆపరేషన్‌కి ఎంతమందిని ఎక్కించాడో."

చాంద్‌బాషా స్పీడు పెంచాడు. జీపూ పెంచింది. పక్కకి తీసి, చెయ్యి బయటపెట్టి దారిచ్చాడు. జీపు దాటలేదు. అదీ నెమ్మదించి మా వెనకే నడిచింది.

నాకు నవ్వు రాలేదు.

"పిల్లల్ని పంచేద్దాం," అన్నాను. "ఆడపిల్లలిద్దరూ మీవాళ్ళు. రాయప్ప నావాడు. జోజప్ప చాంద్‌బాషా కొడుకు."

"నాకు ముగ్గురున్నారు బాబూ. వీణ్ణి కూడా నెత్తినేసుకుంటే మాస్టారికి బదులు నన్నెక్కిస్తాడు."

"బాషా, నీకు దణ్ణం పెడతాను," అంది అక్క. ఆ గొంతు విని చాంద్‌బాషా సరేనని తలూపాడు. అక్క జోజప్ప మెడలో సిలువ తీసి తన కొంగున ముడేసుకుంది. వాణ్ణి తెచ్చి డ్రైవరు పక్కన, నాకూ అతనికీ మధ్య కూర్చోబెట్టాం.

"ఒరే రాయప్పా, నన్నేమని పిలుస్తావు?"

"మావయ్యా అని."

"కాదు. ఇవాళ నాన్నా అనాలి."

"నాన్న వెనక ఉన్నాడుగా, చెమటలు తుడుచుకుంటా," అన్నాడు వాడు.

అప్పుడే బానెట్టు కిందనుంచి పొగ లేచింది. కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఒకపక్క కొండ, ఒకపక్క పొదలు. ఎక్కడికీ పోలేం.

జీపు వచ్చి మా వెనకే ఆగింది.

ఆఫీసరు దిగాడు. ముందు చాంద్‌బాషాని పిలిచాడు. "ఆ మలుపులో బోరింగుంది. వెళ్ళి నీళ్ళు తెచ్చుకో." చాంద్‌బాషా బకెట్టు పట్టుకుని వెనక్కి చూస్తూ వెళ్ళాడు.

ఆఫీసరు కారు చుట్టూ తిరిగాడు. కిటికీలోంచి ఒక్కొక్కరినీ చూశాడు. పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు.

"ఈ అబ్బాయి?"

"నావాడేనండి," అన్నాను.

"నాన్నా," అన్నాడు రాయప్ప, నా చొక్కా పట్టుకుని. వాడికి ఒక లడ్డూ బాకీ పడ్డాను.

"ఈ చిన్నవాడు?"

"డ్రైవరు కొడుకండి."

జోజప్ప ఆ క్షణానే వెనక్కి తిరిగి బావ వైపు చేతులు చాచి ఏడుపందుకున్నాడు. అక్క పిడికిలి బిగించి జపమాల నొక్కుకుంటోంది. ఆఫీసరు వాణ్ణీ, బావనీ మార్చి మార్చి చూశాడు.

"మాస్టారూ, ఒకసారి దిగండి."

బావ దిగాడు. నేనూ దిగాను. ఆఫీసరు బావ భుజం మీద చెయ్యేసి జీపు వెనక్కి నడిపించాడు.

"సార్, నిజం చెప్పేస్తాను," అన్నాడు బావ. "ఆ ఫారంలో..."

"మెల్లిగా. మీ డ్రైవరు వచ్చేస్తుంటాడు, వింటాడు."

ఆఫీసరు రోడ్డుకి రెండువైపులా చూసి, టార్పాలిన్ తాడు విప్పి, లోపల చెమటలతో ముద్దయి నోళ్ళకి చేతులడ్డం పెట్టుకుని కూర్చున్న నలుగురు పిల్లల్ని చూపించి బావ చెవిలో అన్నాడు: "ముందర మా పెద్దాఫీసరు బళ్ళాపి లెక్కపెడుతున్నాడట మాస్టారూ, మీకెలాగూ ఇద్దరే కాబట్టి అక్కడ దాటేదాకా మా ఆఖరివాణ్ణి మీవాడని చెప్పి కార్లో ఎక్కించుకుంటారా?"