నమ్మను అనే మీట

ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో గోడలే రోగుల మాటలు విని, ఎవరి ప్రాణానికి ఎంత ముప్పో రంగుల్లో తేల్చడం మొదలై పదేళ్లయింది. ఆ ఉదయం లారీ డ్రైవరు అప్పలస్వామి ఛాతీ రుద్దుకుంటూ వచ్చి గోడకు ఎదురుగా కూర్చున్నాడు.

"ఏటీ లేదమ్మా, గేసు పట్టేసింది. సోడా తాగితే పోద్ది."

గోడ ఆకుపచ్చగా వెలిగింది. తొందర లేదని దాని తీర్పు.

నర్సు సలోమి మాత్రం అతని నుదుటి చెమటను చూసింది. గుండెపోటును గ్యాసని పిలవని మగవాడు ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆమెకు తారసపడలేదు.

నర్సుల పాత కంప్యూటర్ తెర మీద గోడతో విభేదించాలంటే పదకొండు గళ్లు నింపి, కారణం రాయాల్సి వచ్చేది. సందేహానికి అర్జీ అడిగే యంత్రం సందేహించవద్దని శాసించినట్టే. కొత్త తెరను రూపొందించిన వకుళ ఆరు నెలలు ఈ వార్డులోనే కూర్చుని, నర్సుల చేతులు ఎక్కడ ఆగుతున్నాయో గమనించింది. గళ్లన్నీ చెరిపేసి, అరచేయంత మీట ఒకటి ఉంచింది: "నమ్మను."

సలోమి దాన్ని నొక్కింది. గోడ వాదించకుండా ఎర్రబడి, ఈసీజీ మంచాన్ని రప్పించింది.

"గేసుకి మంచమేటమ్మా! నవ్విపోతారు."

"నవ్వనీ బాబాయ్, ముందు ఎక్కు!"

ఈసీజీలో గుండెపోటు తేలింది. గంటలోపే వైద్యులు మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచారు. అప్పలస్వామి బతికాడు.

మీట నొక్కిన సంగతి తెలిసి వకుళ ఆత్రంగా ఫోన్ చేసింది. "ఎంతసేపు పట్టింది, సిస్టర్?"

"నీ మీటకు ఒక్క సెకనమ్మా. ఆయన్ని మంచం ఎక్కించడానికే ఐదు నిమిషాలు!"