పళ్ల డాక్టరు జోకు

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ల మెదడులో అల్జీమర్స్ తొలి జాడలు వెతికే పరిశోధనలో స్కానింగులు తీసేది నేను.

ఆ రోజు ఆలుమగలిద్దరు వచ్చారు. యంత్రంలోకి వెళ్లే ముందు ఉంగరం తీసి నా చేతికిస్తూ ఆయన గొంతు తగ్గించాడు.

"నేను గుండ్రాయిలా ఉన్నానమ్మా. మా ఆవిడది జాగ్రత్తగా చూడు. నెలరోజులుగా అదే పళ్ల డాక్టరు జోకు రోజూ చెబుతోంది. నొచ్చుకుంటుందని, కొత్తగా విన్నట్టు పడీపడీ నవ్వుతున్నా."

తర్వాత ఆవిడ వంతు. కమ్మలు తీస్తూ నా చెవి దగ్గరకొచ్చింది.

"నాకేం లేదమ్మా. నేనూ తీయించుకుంటానంటేనే ఆయన కదిలారు. పరీక్షిద్దామని నెలరోజులుగా ఒకే జోకు చెబుతున్నా. రోజూ కొత్తగా విన్నట్టే నవ్వుతున్నారు!"

స్కానులో ఏం కనిపించిందో చెప్పకూడదని మాకు నిబంధన. జోకు గురించి ఏ నిబంధనా లేదు. అందుకే ఇద్దరినీ వరండాలో కూర్చోబెట్టి, ఒకరి మాట ఒకరికి చెప్పేశాను.

ఆయన హమ్మయ్య అని ఊపిరి పీల్చుకున్నాడు. ఆవిడ మాత్రం మొహం ముడుచుకుంది.

"అంటే, మొదటిరోజు కూడా మీకు నిజంగా నవ్వు రాలేదా?"

ఆయన ఉంగరం తొడుక్కుంటూ నా వైపు దీనంగా చూశాడు.

"ఏమోనే, గుర్తులేదు."