మూడో పాట చివర నవ్వు

ప్రశ్న చదవగానే నిరంజన్ చేతిలోని చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"'బొగ్గు రైలు' క్యాసెట్. మూడో పాట చివర, గిటార్ ఆగినంక ఒక ఆడమనిషి నవ్వుతది. ఎవరామె?"

అడిగింది 'ఆరో తీగ' అనే పేరు పెట్టుకున్న మనిషి. అసలు పేరేమిటో, ఊరేదో ఎవరికీ తెలియదు. ఆ ఫేస్‌బుక్ గ్రూపులో చాలామంది అంతే. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా రాక్, పాప్ పాటల పిచ్చి ఉన్నవాళ్లంతా అందులో చేరారు. రోజూ ఒకరినొకరు ప్రశ్నలడుగుతారు. డ్రమ్ములు దొరక్క అట్టపెట్టెలు వాయించిన బృందం ఏది? ఏ పాటలో తీగ తెగిన చప్పుడు అలాగే ఉండిపోయింది? నియమం ఒక్కటే. మర్నాటి సాయంత్రానికి ఎవరూ చెప్పలేకపోతే, అడిగినవాళ్లే జవాబు పెట్టాలి.

నిరంజన్‌ది గోదావరిఖని. బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. గ్రూపులో మామూలు అభిమానిలాగే ఉంటాడు. 'బొగ్గు రైలు'లో గిటార్ వాయించింది తనేనని ఎవరికీ చెప్పుకోలేదు. క్వార్టర్లలోని నలుగురు కుర్రాళ్లు కలిసి పెట్టిన బృందం అది. ఒక్క క్యాసెట్ తెచ్చి చెదిరిపోయింది.

ఆ నవ్వు ఎవరిదో అతనికి తెలుసు.

పద్మలతది. అప్పుడు కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకునేది. మగపిల్లల మధ్యకు వెళ్లిందని తెలిస్తే ఇంట్లో చదువు మాన్పించేవాళ్లు. అయినా రికార్డింగ్ చూస్తానని వచ్చి, గోడలకు పరుపులు కట్టిన ఆ గదిలో ఓ మూల కూర్చుంది. పాట అయింది. టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. నిరంజన్ కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ఆమె ఫక్కున నవ్వింది.

ఆ నవ్వు తీసేద్దామని మిగతా ముగ్గురూ అన్నారు. నిరంజన్ తీయనివ్వలేదు. ఎవరిదో మాత్రం ఎక్కడా చెప్పకూడదని నలుగురూ ఒట్టేసుకున్నారు. తర్వాత ఆమెకు ఆదిలాబాద్ వైపు పెళ్లయిందని విన్నాడు. అంతకు మించి ఆరా తీయలేదు.

ఇప్పుడు గ్రూపంతా ఆ నవ్వు వెంట పడింది.

"ఆడమనిషి కాదు, ఆ డ్రమ్మరే గొంతు మార్చిండు" అని ఒకరు. "పాడినాయన భార్య కావచ్చు" అని ఇంకొకరు. కరీంనగర్ కుర్రాడు అవేజ్ అందరినీ మించిపోయాడు. "ఆ క్యాసెట్ రికార్డు చేసిన గది మా మామూ దుకాణం మీదనే. వచ్చినోళ్లందరు ఆయనకు యాదికున్నరు. అడిగి చెప్త."

నిరంజన్ లేచాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచి వాకిట్లోకి పోయాడు.

"ఏందయ్యా, కాలు గాలిన పిల్లి లెక్క తిరుగుతున్నవ్?" అంది భార్య సరోజన.

"ఏం లే."

"ఏం లేకుంటే చాయ్ ఎందుకు సల్లారింది?"

బృందంలోని మిగతా ముగ్గురికీ ఫోన్ చేసి, ఆ ప్రశ్న పెట్టింది నువ్వేనా అని అడిగాడు. ఎవరికి వారే నేను కాదన్నారు. ఇక ఉండబట్టలేక 'ఆరో తీగ'కే విడిగా మెసేజ్ పెట్టాడు.

"గా జవాబు గ్రూపుల పెట్టొద్దు."

వెంటనే తిరుగు మాట వచ్చింది. "అంటే మీకు తెలుసు."

"తెలుసు."

"అయితే రేపు నిర్మల్ బస్టాండ్‌కు రాండ్రి. కలుద్దాం."

"రాకుంటే?"

"గ్రూపుల చెప్పేటోళ్లు ఎవరొస్తరా అని చూస్త."

బెదిరింపే. నిరంజన్‌కు ఇంకో అర్థం తోచలేదు. పొద్దున్నే సెలవు పెట్టి బస్సెక్కాడు. మంచిర్యాలలో బస్సు మారాడు. దారి పొడుగునా ఫోన్ తీయడం, చూడడం, జేబులో పెట్టడం, మళ్లీ తీయడం. "మామూ షాదీకి పోయిండు, సాయంత్రం వస్తడు" అని అవేజ్ రాశాడు. సాయంత్రం లోపల 'ఆరో తీగ' కాళ్లయినా పట్టుకుని ప్రశ్న తీయించాలి.

తన వయసు మగమనిషి ఎవరో ఎదురవుతాడనుకున్నాడు. ఎదురైంది పాతికేళ్లు కూడా నిండని అమ్మాయి. మెడలో ఇయర్‌ఫోన్లు వేలాడుతున్నాయి.

"'ఆరో తీగ' నేనే అంకుల్" అంది.

నిరంజన్ నిలబడే మొదలుపెట్టాడు. "చూడు బిడ్డా, ఆమె తప్పేం లేదు. పాటలంటే పాణం. వచ్చింది, కూసుంది, నవ్వింది. గంతే. గిప్పుడు ఆమెకు సంసారం ఉంటది, పిల్లలుంటరు. ఇన్నేండ్లకు ఆమె పేరు నలుగురి నోట్ల ఎందుకు పడాలె? నీకు మొక్కుత, పెట్టకు."

అమ్మాయి అతన్నే చూస్తోంది.

"మా చిన్నమ్మ ఒక పేరు చెప్పింది. నిజమో కాదో తెల్వది. అక్కడున్నోళ్ల నోట వినాలె."

మాట అప్పుడే ఎవరి చిన్నమ్మ దాకానో పాకిందన్నమాట.

"పేరు చెప్తే ప్రశ్న తీసేస్తవా?"

"తీసేస్త."

అతను అటూ ఇటూ చూశాడు. ఆదిలాబాద్ బస్సు హారన్ కొడుతూ బయటికి వెళ్లేదాకా ఆగాడు. గొంతు తగ్గించాడు.

"పద్మలత."

అమ్మాయి పక్కనున్న బెంచీ మీద కూలబడింది. ఫోన్ తీసింది. అతను చూస్తుండగానే ప్రశ్న తీసేసింది. తర్వాత ఇయర్‌ఫోన్లు చెవుల్లో పెట్టుకుని, పాటను చివరికి జరిపి వింది. వెనక్కి జరిపి మళ్లీ వింది.

"ఇగ సాలు గదా బిడ్డా" అన్నాడు నిరంజన్, భయం భయంగానే. "ఆమె ఇంట్ల తెల్వకుంట చూడు."

అమ్మాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసింది.

"నన్ను కన్ననాడే పోయింది అంకుల్ మా అమ్మ, ఫోటోలల్ల మొఖం జూసిన గని, గొంతు గిప్పుడే ఇంటున్న."