మంట పెద్దదైతే

"నిన్న చేపల వేటకెళ్ళినప్పుడు కూడా కళ్ళారా చూశా. సముద్రంలో చమురు బావుల మీద మంట చర్చి గోపురమంత లేస్తోంది. నా చిన్నప్పుడు అందులో సగం కూడా ఉండేది కాదు. చమురు అయిపోతోందట, చమురు!" అన్నాడు ఫెర్మిన్.

"నాన్నా, అది గ్యాసు మంట. అడుగున చమురు తగ్గేకొద్దీ పైనున్న గ్యాసు బావుల్లోకి దిగుతుంది. వాడుకునే దారిలేక తగలబెడుతున్నారు. మంట పెరిగిందంటే చమురు తగ్గిందని అర్థం," అంది బెరెనీస్.

"అయితే పొయ్యిలో మంట పెద్దదైతే కట్టెలు తక్కువున్నట్టా?"

బెరెనీస్ పళ్ళు కొరుక్కుంది. సముద్రం అడుగున ఎంత చమురు మిగిలిందో లెక్కగట్టడమే ఆమె ఉద్యోగం. ఆ సంగతి కార్మెన్ దీవిలో అందరికీ తెలుసు. ఆమె మాట నమ్మేవాళ్ళే లేరు. వచ్చే ఆదివారం పడవ అమ్మేసి, ఆ డబ్బుతో పెరట్లో గదులు కట్టి, చమురు కూలీలకు అద్దెకివ్వాలని ఫెర్మిన్ పట్టుదల. ఆ కూలీలేమో ఒక్కొక్కరే మూటాముల్లె సర్దుకుని దీవి వదిలిపోతున్నారు. రేపు గదులు ఖాళీగా పడుంటే, పడవ కూడా లేని ఈయన ఏం చేస్తాడు?

పెనం మీద మొక్కజొన్న రొట్టెలు తిప్పుతున్న తల్లి ఓబ్దులియా ఇటు తిరిగింది. "మంట పెద్దదైతే చమురు తక్కువెలా అవుతుందే? మళ్ళీ చెప్పు, నిదానంగా."

"నీకెందుకమ్మా ఇవన్నీ!" అని విసుక్కుని బెరెనీస్ మేడెక్కింది.

అక్కడా ప్రశాంతత లేదు. ఫేస్‌బుక్‌లో 'మన దీవి' పేజీలో ఎవరో అడిగారు: చమురు నిజంగా అయిపోతోందా, తెలిసినవాళ్ళు చెప్పండి అని. తెలియనివాళ్ళందరూ చెప్పారు. ఆవు పాలు చేపినట్టు భూమి చమురును మళ్ళీ మళ్ళీ చేపుతుందన్నాడు మంగలి. ధరలు పెంచడానికి ఆడుతున్న నాటకమన్నాడు టాక్సీ డ్రైవరు. బెరెనీస్ తన పేరూ ఉద్యోగమూ చెప్పుకుని, గ్యాసు సంగతీ, బావుల్లోకి ఉప్పునీరు చొరబడే సంగతీ ఓపిగ్గా రాసింది.

"ఎన్ని బావులు తవ్వావు చెల్లెమ్మా?" అని ఒకడు.

"గోళ్ళరంగు ఆరిందా మేడమ్?" అని ఇంకొకడు.

"ఎవరైనా నిపుణులుంటే మాట్లాడండి బాబూ, ఈ గోల భరించలేకపోతున్నాం," అని మరొకడు.

బెరెనీస్ ఫోను మంచం మీదికి విసిరికొట్టింది. నిపుణులు కావాలట వీళ్ళకి!

శుక్రవారం పొద్దున ఆ నిపుణుడు పేజీలోకి రానే వచ్చాడు. పేరు ఇంజనీర్ ఎస్కలాంతె. ఫొటోలో తెల్ల హెల్మెట్, నల్ల కళ్ళద్దాలు, గుబురు మీసం.

"అయ్యలారా, సముద్రం మీద బావుల దగ్గరే ముసలివాణ్ణయ్యాను. మంట చూసి మోసపోకండి. మంట పెరిగిందంటే చమురు తగ్గిందని అర్థం," అని మొదలుపెట్టాడు. ఆ తర్వాతదంతా బెరెనీస్ రాసిందే, మాట పొల్లుపోకుండా. చివర్లో, గదులు కట్టే ఆలోచన ఉన్నవాళ్ళు కాస్త ఆగమని సలహా.

మంగలి దణ్ణం పెట్టాడు. "ఇదీ అనుభవమంటే!" అన్నాడు టాక్సీ డ్రైవరు. గోళ్ళరంగు గురించి అడిగినవాడు "ఇన్నాళ్ళూ ఎక్కడున్నారు సార్?" అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

శనివారం సాయంత్రం ఫెర్మిన్ ఇంటికొస్తూనే కూతుర్ని పిలిచాడు. "పడవ అమ్మట్లేదు. కొంటానన్నవాడికి చెప్పేశా. ఎవరో పెద్దాయన రాశాడమ్మా, కళ్ళు తెరిపించాడు."

"అవి నేను చెప్పిన మాటలే నాన్నా!"

"నువ్వూ చెప్పావులే. ఆయన వివరంగా చెప్పాడు."



"పోనీలేవే, పడవ మిగిలింది కదా," అంది ఓబ్దులియా.

ఫెర్మిన్ ఈలవేసుకుంటూ పడవకి రంగు పూయడానికి రేవుకెళ్ళాడు. బెరెనీస్ గదిలోకెళ్ళి ధడాలున తలుపేసుకుంది. పడవ మిగిలినందుకు ఏడుపొచ్చేంత సంతోషంగా ఉంది. ఒళ్ళు మాత్రం మండిపోతోంది. ఎంత చదివి ఏం లాభం, మీసం లేకపోయాక? ఫోను తీసి ఎస్కలాంతెకి విడిగా మెసేజ్ పెట్టింది.

"అయ్యా, మీరు రాసిందంతా నా దగ్గర దొంగిలించిందే. మీరు ఏ బావి మీద పనిచేశారు? ఎక్కడ చదివారు? ఇప్పుడే జవాబు చెప్పకపోతే పేజీలో మీ బండారం బయటపెడతాను."

అవతల చదివినట్టు గుర్తు పడింది. ఏదో రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. జవాబు వచ్చింది.

"రొట్టెలు చల్లారిపోతున్నాయి, కిందికి రావే."