ఉయ్యాల మోటారుకు గాలి

మోటార్ల వేగాన్ని అదుపుచేసే ఇన్వర్టర్ పెట్టెలు ఇంటింటా మాట్లాడే రోజులవి. మూడు రోజుల జ్వరం దిగి, సుభాషిణి కూతురికి ఉయ్యాలలో అప్పుడే కునుకు పట్టింది. పిల్ల కదలకూడదని ఆమె ఉయ్యాల మోటారు వేగం బాగా తగ్గించింది.

"ఇంత నెమ్మదిగా తిరిగితే మోటారు లోపలి ఫ్యాను చాలదు. వేడెక్కుతోంది. వేగం పెంచండి, లేదా బయటి గాలి పెట్టండి," అంది పెట్టె.

"పెంచితే పిల్ల లేస్తుంది, నీ నోరు పడిపోను!" అని గొంతు తగ్గించి కసిరి, సుభాషిణి పిల్ల మీదున్న ఒక్క ఫ్యానునూ మోటారు వైపు తిప్పింది. పిల్లకు చెమటలు పట్టాయి. విసనకర్ర అందుకుని విసరసాగింది.

గుమ్మంలోంచి అత్తగారు అడిగింది. "ఊపడానికి చెయ్యి ఖాళీ లేదనే కదమ్మా ఈ మోటారు కొనిపించావు?"

సుభాషిణి నోరు తెరిచేలోగా పెట్టె పలికింది. "ధన్యవాదాలు. మోటారుకు ఇప్పుడు హాయిగా ఉంది."

సుభాషిణి విసనకర్రను రెండో చేతికి మార్చుకుంది.