రోగి పాత్రలో బుల్లెమ్మ

“వో హాబెన్ జీ ష్మెర్ట్సెన్?” అని అడిగింది ఉషశ్రీ. ఎక్కడ నొప్పిగా ఉందండీ అని దాని అర్థం.

గోంగూర ఆకులు తుంచుతున్న బుల్లెమ్మ చేతులాపి, ఫ్రిజ్ తలుపుకి అంటించిన శరీర భాగాల చార్టు వైపు ఒకసారి చూసింది. మోకాలి మీద చెయ్యి వేసి జర్మన్‌లోనే జవాబు చెప్పింది. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి, డెబ్బై రెండేళ్ళ వయసులో, మనవరాలి కంటే తేలిగ్గా పలికేస్తోంది. ఉషశ్రీకి కొంచెం కుళ్ళుగానే ఉంది.

ఆ అమ్మాయి జర్మనీలో మూడేళ్ళ నర్సింగ్ చదువుకి దరఖాస్తు పెట్టింది. ఏడాది పాటు చల్లపల్లి నుంచి గుణదలలోని క్లాసుకి బస్సుల్లో తిరిగి, సగం మనిషై, భాష పరీక్ష గట్టెక్కింది. అంతలో అక్కడి ఆసుపత్రివాళ్ళు ఇంకో మెలిక పెట్టారు. ఇంట్లో ఒకరిని రోగిగా కూర్చోబెట్టి, పది నిమిషాలు జర్మన్‌లో ప్రశ్నలడిగి, ఆ వీడియో పంపాలట. అది నచ్చితేనే సీటు, లేకపోతే ఇంకో ఏడాది ఆగాల్సిందే.

రోగి ఎవరన్న మీమాంస ఎక్కువసేపు సాగలేదు. తండ్రి రామకోటేశ్వరరావు పొద్దున చేలోకి వెళ్తే భోజనాల వేళకి గానీ దొరకడు. తల్లి జానకికి కెమెరా చూస్తే నవ్వాగదు. ఇక మిగిలింది నాయనమ్మ. రోజుకో అరగంట సాధన చెయ్యమనీ, మధ్యలో ఒక్క తెలుగు మాట దొర్లినా మళ్ళీ మొదటికి రమ్మనీ క్లాసులో చెప్పే వేదవ్యాస్ గారు నియమం పెట్టారు.

మొదటి వారం అంతా ఆయనిచ్చిన కాగితం ప్రకారమే నడిచింది. రోగి మెట్ల మీద జారిపడింది, మోకాలు వాచింది. రెండో వారంలో ఒకరోజు బుల్లెమ్మ మోకాలు వదిలేసి గుండెల మీద చెయ్యి పెట్టుకుంది.

“అక్కడ కాదు నాయనమ్మా. కాగితంలో మోకాలని ఉంది.”

“తెలుగొచ్చింది. మొదటికి రా,” అంది బుల్లెమ్మ.

ఉషశ్రీ మళ్ళీ అడిగింది. బుల్లెమ్మ మళ్ళీ గుండెలే చూపించింది. ఎప్పటినుంచి అంటే పోయిన వారం నుంచి అంది. ఇంకెక్కడైనా ఉందా అంటే చార్టులో ఎడమ చెయ్యి వెతికి చూపించింది. ఉషశ్రీకి ముందు చిరాకు వేసింది గానీ, కాసేపాగి ఆలోచిస్తే ఇదీ మంచిదే అనిపించింది. బట్టీ పట్టిన సంభాషణ అయితే వాళ్ళు ఇట్టే పట్టేస్తారని వేదవ్యాస్ గారు మొదటినుంచీ మొత్తుకుంటున్నారు. ఆ రోజునుంచి కాగితం పక్కన పెట్టి, బరువు, చెమట, ఆయాసం లాంటి మాటలు నిఘంటువులో వెతికి మరీ ప్రశ్నలు తయారుచేసుకుంది.

బుల్లెమ్మ నటన కూడా రోజురోజుకీ ముదిరింది. వాక్యం మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం, పమిట చెంగుతో నుదురు తుడుచుకోవడం, అన్నీ అలవోకగా వచ్చేస్తున్నాయి. అత్తయ్యగారు నాటకాల్లో వెయ్యాల్సిన మనిషని జానకి వంటింటి గుమ్మంలో నిలబడి మెచ్చుకుంది. ఉషశ్రీ మాత్రం వ్యాకరణం తప్పులు దిద్దుతూ పోయింది.

ఒకరోజు రామకోటేశ్వరరావు ఇంటికొచ్చేసరికి తల్లి డాబా మెట్ల మధ్యలో కూర్చుని ఉంది. ఏంటమ్మా అలా కూలబడ్డావని అడిగాడు.

“ఏం లేదులేరా. మన నర్సమ్మ రోజూ చూస్తోందిగా,” అంది.

కూతురిని అప్పుడే నర్సమ్మ అన్నందుకు ఆయన మురిసిపోయి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

ఆదివారం పొద్దున వీడియో తీశారు. బుల్లెమ్మ మంగళగిరి చీర కట్టుకుని కుదురుగా కూర్చుంది. పది నిమిషాల్లో ఒక్క తెలుగు మాట దొర్లలేదు. పదికి నొప్పి ఎంత ఉందని అడిగితే ఆవిడ ఎనిమిది వేళ్ళు చూపించింది. కాగితంలో మూడే ఉంది. అయినా ఉషశ్రీ తొణక్కుండా ఎనిమిదని రాసుకుని, ఇప్పుడే డాక్టరుగారిని పిలుస్తానని జర్మన్‌లో చెప్పి ముగించింది. వెంటనే ఫోను పట్టుకుని సిగ్నల్ కోసం డాబా మీదికి పరిగెత్తింది. బుల్లెమ్మ ఆ చీరతోనే, వీధి గుమ్మం వైపు చూస్తూ చాలాసేపు కూర్చుంది. చీర మార్చుకోమని జానకి చెప్పినా, ఉండవే, ఎవరైనా వస్తే బాగుండదు అంది.

బుధవారం మెయిల్ వచ్చింది. సీటు ఇచ్చారు. రోగి చెప్పే ప్రతి మాటా శ్రద్ధగా విని రాసుకుందని ఉషశ్రీని ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. రామకోటేశ్వరరావు కళ్ళు తుడుచుకున్నాడు. జానకి దేవుడి ముందు దీపం వెలిగించి, పాయసానికి పాలు పొయ్యి మీద పెట్టింది. వేదవ్యాస్ గారు ఫోన్ చేసి, నీకంటే మీ నాయనమ్మకే ముందు సర్టిఫికెట్ ఇవ్వాలమ్మా అన్నారు.

మెయిల్ చివర, అక్కడ నర్సింగ్ నేర్పే పెద్దావిడ ఒక వాక్యం విడిగా రాసింది. మీ నాయనమ్మగారికి ఇప్పుడెలా ఉంది, డాక్టరు ఏమన్నారు అని.

ఉషశ్రీకి నవ్వాగలేదు. ఫోను తీసుకుని నాయనమ్మ దగ్గరికి వెళ్ళింది.

“నీ యాక్షన్ చూసి ఆవిడ నిజమనేసుకుంది నాయనమ్మా. డాక్టరేమన్నాడని అడుగుతోంది.”

బుల్లెమ్మ నవ్వలేదు. ఎడమ చెయ్యి మెల్లగా నొక్కుకుంటూ మనవరాలి మొహంలోకి చూసింది.

“పిలుస్తానన్నావుగా, ఇంకా రాలేదేంటే?”